పరుపు జిప్పు తీసి చూడండి

తెనాలిలో మా పరుపుల కొట్టు నాన్న హయాంలో బూరుగు దూదితో మొదలైంది. తరవాత కొబ్బరి పీచు పరుపులొచ్చాయి, ఫోమొచ్చింది, స్ప్రింగులొచ్చాయి, ఇప్పుడు లేటెక్స్. వ్యాపారం మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నా పని ఫోను ఎత్తడం. వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాట: "బాబాయ్ గారూ, అంత డబ్బు పోసి లేటెక్స్ కొన్నాం, నడుము నొప్పి తగ్గకపోగా ఎక్కువైంది. వెనక్కి తీసుకుంటారా?" తీసుకోవడం సంగతి తరవాత, ముందు జిప్పు తీసి లోపల చూశారా అని అడుగుతాను. చూసినవాళ్లు అరుదు. పొరల లేటెక్స్ పరుపులో రెండో మూడో పలకలు విడివిడిగా ఉంటాయి. వాటిని పైకీ కిందకీ మార్చుకోవచ్చు. నడుము గొడవ చాలాసార్లు ఆ మార్పుతోనే తేలిపోతుంది. మా కొట్టు కుర్రాళ్లకీ, నడుము పట్టుకుని ఫోను చేసేవాళ్లకీ పనికొస్తాయని తెలిసినవి రాసి పెడుతున్నాను.

1. నొప్పి ఏ వేళకి వస్తోందో ముందు గమనించండి.

రాత్రి బాగానే పడుకుని, పొద్దున లేచేసరికి నడుము పట్టేసి, కాఫీ తాగి అటూ ఇటూ నాలుగడుగులు వేసేసరికి సర్దుకుంటే పరుపుని అనుమానించొచ్చు. పొద్దున హాయిగా లేచి, సాయంత్రం దుకాణం కట్టేసే వేళకి నొప్పి మొదలైతే ఆ తప్పు కుర్చీది, బండిది, మోసిన బరువుది. దానికి పొరలు మార్చి లాభం లేదు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. వయసు నలభై దాటని మనిషికి తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి, లేచి తిరిగితే తగ్గి, రోజూ పొద్దున అరగంటకి పైగా నడుము బిగుసుకుపోయి, ఇదంతా నెలల తరబడి సాగుతుంటే అది కీళ్లవాతం కావచ్చు. పరుపు కొట్టుకి రాకముందే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ గంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. జ్వరంతోనో, బరువు తగ్గుతూనో నొప్పి ఉన్నా, పెద్దవయసులో జారిపడ్డాక వచ్చినా అంతే, డాక్టరుకి చూపించాల్సిందే. ఇలాంటివాళ్లకి పరుపు అమ్మకండని మా కుర్రాళ్లకి గట్టిగా చెప్పాను.

2. "నడుముకి గట్టి పరుపే మంచిది" అనేది సగం నిజం.

మనవాళ్లలో ఈ నమ్మకం ఎంత బలమంటే, డాక్టరు చెప్పకపోయినా చెప్పాడనే అంటారు. చెక్క బల్ల మీద పడుకోమన్నారు, నేల మీద చాప వేసుకోమన్నారు అంటూ వస్తారు. స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో కోవాక్స్ అనే డాక్టరూ ఆయన బృందమూ ఈ సంగతే తేల్చుకోవాలని 313 మందిని తీసుకున్నారు. అందరూ చాలాకాలంగా నడుము నొప్పితో ఉన్నవాళ్లే. కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టి పరుపు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో చెప్పకుండా 90 రోజులు చూశారు. 2003లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పక్క మీద ఉన్నప్పుడూ, లేచేటప్పుడూ నొప్పి, పనులు చేసుకోలేని ఇబ్బంది, ఇవన్నీ మధ్యరకం వాళ్లకే ఎక్కువగా తగ్గాయి. అది గట్టిదనం మీద చేసిన పరీక్ష. లేటెక్సా ఇంకొకటా అన్నది అందులో లేదు. మనకి కావలసింది కూడా ఆ గట్టిదనం సంగతే.

ఇంకోటి. మన తాతలు గట్టి వాటి మీదే పడుకున్నారనడం అంత సరి కాదు. నులక మంచం సాగుతుంది, సాగినప్పుడల్లా కాళ్ల వైపు తాళ్లు లాగి బిగించేవారు. నవారు మంచానిదీ అదే వరస. పక్క సర్దుకోవడం మనకి కొత్త విద్యేమీ కాదు, మధ్యలో మానేశాం.

3. పొరలు విప్పి, ఏది ఏమిటో పోల్చుకోండి.

పరుపు చుట్టూ జిప్పు పూర్తిగా తీసి కవరు పైభాగం మడిచి పక్కన పెట్టండి. ఆరంగుళాల పరుపైతే రెండంగుళాల పలకలు మూడో, మూడంగుళాలవి రెండో కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు అంచు మీద సాఫ్ట్, మీడియం, ఫర్మ్ అని ముద్ర వేస్తాయి, కొన్ని వేయవు. ముద్ర లేకపోతే పలక మీద మోకాలు ఆనించి బరువు వేయండి. అరచేతితో నొక్కితే మెత్తదనం తెలుస్తుంది గానీ లోపలి బలం తెలియదు. మోకాలు ఎంత దిగిందో మూడింటికీ పోల్చుకుని, బాల్‌పాయింట్ పెన్నుతో అంచు మీద 1, 2, 3 అని రాసుకోండి.

గట్టిదనానికి ఐఎల్‌డీ అనే అంకె ఒకటి చెబుతారు. సుమారు ఎనిమిదంగుళాల గుండ్రటి పళ్లాన్ని పలక మందంలో నాలుగో వంతు దిగేదాకా నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం పట్టిందో అదే ఆ అంకె. 20 లోపుంటే మెత్తన, 25 నుంచి 30 దాకా మధ్యరకం, 35 దాటితే గట్టి అని మోటుగా గుర్తుపెట్టుకోండి. కంపెనీకీ కంపెనీకీ కొంచెం తేడా ఉంటుంది. మన దగ్గర అమ్మేవాళ్లు డెన్సిటీ చెబుతారు గానీ ఐఎల్‌డీ చెప్పరు. ఘనపు మీటరుకి 65 కిలోల పలక కంటే 90 కిలోల పలక గట్టిగా ఉంటుందని అనుకోవచ్చు, ఒకే రకం సరుకైతేనే సుమా.

లేటెక్స్ తయారీలో రకాలు రెండు. కేరళ తోటల్లో రబ్బరు చెట్లకి గాటు పెట్టి పాలు తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చిక్కబరిచి, నురగ వచ్చేలా గిలక్కొట్టి, అచ్చులో పోసి ఆవిరిలో ఉడికిస్తే డన్‌లప్ పద్ధతి. ఇంగ్లండ్‌లో 1929లో డన్‌లప్ కంపెనీ వాళ్లే మొదలుపెట్టారు, పేరు అలాగే నిలిచిపోయింది. అచ్చు మూత వేసి, గాలి లాగేసి, గడ్డకట్టించి, తరవాత ఉడికించేది తలాలే పద్ధతి. అది తేలిగ్గా, మెత్తగా, పలకంతా ఒకేలా ఉంటుంది. మన బజార్లో దొరికేది ఎక్కువగా డన్‌లపే. అచ్చులో బరువైన భాగం కిందకి దిగుతుంది కాబట్టి డన్‌లప్ పలకకి ఒక ముఖం కాస్త గట్టిగా, రెండోది కాస్త మెత్తగా ఉంటుంది. వరస మార్చేంత అవసరం లేదనుకుంటే పై పలకని ఒక్కసారి తిరగేసి చూడండి. ఖర్చు లేని మార్పు.

4. పరుపుని తిట్టేముందు మంచాన్ని చూడండి.

బాక్స్ మంచం మీది ప్లైవుడ్ నడిమి భాగం కుంగిపోయి ఉంటుంది. కింద సామాను డబ్బాలు పెట్టి మూత సరిగా వేయకపోతే ఒక పక్క ఎత్తవుతుంది. మంచం మీద అడ్డంగా నిలువుగా దారం లాగి పట్టుకుంటే పల్లం కనిపిస్తుంది. లేదా పరుపుని రెండు రాత్రులు నేల మీద వేసి పడుకోండి. నేల మీద నొప్పి లేకపోతే వడ్రంగిని పిలవండి. అడ్డపట్టీల మంచమైతే పట్టీల మధ్య మూడంగుళాలకి మించి ఖాళీ ఉండకూడదు, లేటెక్స్ ఆ సందుల్లోకి జారుతుంది. నిండు ప్లైవుడ్ అయితే అక్కడక్కడ రంధ్రాలు వేయించండి. మన కోస్తా ఉక్కకి కింద చెమ్మ చేరి బూజు పడుతుంది.

5. ఒళ్లు ఎలా వాలుతోందో ఇంకొకరి కంటితో చూడాలి.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. రేపల్లెలో ఒక టీచరమ్మ గారు, రిటైరైన మనిషి. అమెరికాలో ఉన్న కొడుకు నెట్‌లో మూడు పొరల లేటెక్స్ ఆర్డరు చేసి, అమ్మకి నడుము నొప్పి కాబట్టి అన్నిటికన్నా గట్టిదాన్ని పైన వేయమని చెప్పాడు. ఆవిడ ఎప్పుడూ ఎడమ పక్కకి తిరిగి పడుకుంటారు. పొద్దున లేచేసరికి భుజం తిమ్మిరి, నడుము లాగుడు. మా సరుకు కాకపోయినా మా ఆవిడకి దూరపు చుట్టం కాబట్టి వెళ్లాం.

ఆవిడని మామూలుగా పడుకునేట్టే పడుకోమన్నాం. వీపు మీద వెన్నెముక వెంబడి నాలుగు చోట్ల కోడలి చేత జాకెట్టు మీదే బొట్టుబిళ్లలు అంటించాం. వెనకనుంచి చూస్తే ఆ బొట్లన్నీ ఒకే గీత మీద ఉండాలి. ఉండలేదు. భుజం, తుంటి రెండూ పరుపులోకి దిగకుండా పైకే తేలి, మధ్యలో నడుము కిందకి వాలిపోయింది. కోడలు నడుము కింద చెయ్యి పెడితే ఏ అడ్డూ లేకుండా అవతలికి వచ్చేసింది. "చూడండి అత్తయ్యా, ఇక్కడంతా ఖాళీయే" అంది ఆ అమ్మాయి. అదే రోగం. రాత్రంతా ఆ ఖాళీ మీద నడుము వేలాడుతుంటే కండరాలకి విశ్రాంతి ఎక్కడిది?

గట్టి పలక అడుక్కి, మధ్యరకం మధ్యకి, మెత్తటిది పైకి మార్చాం. మళ్లీ పడుకోబెట్టి చూస్తే భుజం, తుంటి దిగాయి, నడుము కిందకి చెయ్యి పెట్టాలంటే కొంచెం తోయాల్సి వచ్చింది. బొట్లు గీత మీదకి వచ్చాయి. కొడుకుకి ఫోటో పంపారు. "గట్టిది అడుగున పెట్టారేంటి?" అని అతని మొదటి ప్రశ్న. భుజం తిమ్మిరి ముందు పోయింది. నడుము లాగుడు నెమ్మదిగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆ వయసుకి వెన్నులో ఉండే అరుగుదల పరుపుతో పోదు, ఆ మాట ఆవిడకి ముందే చెప్పాం.

6. ఎక్కడ నొప్పి అన్నదాన్ని బట్టి ఏ పొర కదపాలో తెలుస్తుంది.

వెల్లకిలా పడుకునేవాళ్లకి పొద్దున నడుము కింది భాగం పట్టేసి, తుంటి గుంతలో దిగినట్టు అనిపిస్తే మెత్తదనం ఎక్కువైంది. మధ్యరకాన్ని పైకి తెచ్చి, గట్టిదాన్ని దాని కిందకి చేర్చి, మెత్తటిదాన్ని అడుగుకి పంపండి. అదే వెల్లకిలా మనిషికి నడుము కింద చెయ్యి సులువుగా దూరిపోతుంటే పైభాగం గట్టిది. మెత్తటిది పైకి రావాలి. పక్కకి తిరిగేవాళ్లకి భుజం తిమ్మిరెక్కడం, తుంటి ఎముక నొక్కుకుపోయి నొప్పెట్టడం కూడా పైపొర గట్టిదని చెప్పే గుర్తులే.

బోర్లా పడుకునేవాళ్లకి ఏ వరసా పూర్తిగా కుదరదు. పొట్ట బరువుకి నడుము విల్లులా వంగుతుంది. పైన గట్టిది వేసి, పొట్ట కింద పల్చటి దిండు పెట్టుకోమంటాను. అలవాటు మానుకోమని కూడా అంటాను, ఎవరూ వినరు.

బరువు సంగతి మరిచిపోతుంటారు. యాభై కిలోల మనిషి ప్రపంచమంతా పై రెండంగుళాలే. అడుగు పలక మార్చినా ఆ మనిషికి తెలియదు. తొంభై కిలోల మనిషి పైపొరని నలిపేసి రెండో దాని మీదకి చేరతాడు. అతని నడుముకి పనికొచ్చేదీ చెడ్డదీ ఆ రెండో పొరే. భారీ మనిషి ఫోను చేసి "పైన గట్టిది వేశాను బాబాయ్, అయినా కుంగుతోంది" అంటే, రెండోది ఏమిటని అడుగుతాను. మెత్తటిది అయ్యుంటుంది.

వరస అంతా సరిపోయి, నడుము దగ్గర మాత్రం కొద్దిపాటి ఖాళీ మిగిలిపోతే ఇంకో ఉపాయం ఉంది. పాత నూలు చీర ఒకటి తీసుకుని జానెడు వెడల్పున ముడతలు లేకుండా మడిచి, నడుము వచ్చే చోట పరుపుకి అడ్డంగా పై పలకకీ రెండో పలకకీ మధ్య పరవండి. అరంగుళం మందం చాలు. ఎక్కువనిపిస్తే ఒక మడత విప్పండి. పైన పరిస్తే ఒత్తుకుంటుంది, పలకల మధ్యైతే ఎత్తు మాత్రమే తెలుస్తుంది. పట్టుచీర వద్దు, జారిపోతుంది.

7. ఒకసారి ఒక్కటే మార్చండి.

మంగళవారం పొర, బుధవారం దిండు, గురువారం మంచం మారిస్తే దేనివల్ల తగ్గిందో దేవుడికే తెలియాలి. ఒక మార్పు చేశాక రెండు వారాలైనా ఆగండి. అలవాటైన పల్లం పోయినందుకు మొదటి నాలుగైదు రాత్రులు ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఆ నొప్పి చూసి భయపడి మళ్లీ తిప్పేస్తారు. క్యాలెండరు మీద పొద్దున లేవగానే నొప్పికి పదికి ఎన్ని మార్కులో వేయమని చెబుతాను. మన నెలవారీ క్యాలెండరులో తిథి పక్కన అంకె వేసేంత చోటు ఉంటుంది. ఈలోగా డాక్టరు వద్దంటే తప్ప నడక మానొద్దు. నడుము నొప్పికి రోజుల తరబడి పడక వేయమనే కాలం పోయింది.

8. ఇద్దరు మనుషులకి ఒకే వరస కుదరాలనేం లేదు.

ఆయన తొంభై కిలోలు, ఆవిడ యాభై. ఆయనకి గట్టిది కావాలి, ఆవిడకి మెత్తటిది. పెళ్లయిన ముప్పై ఏళ్లకి పరుపు దగ్గర పంచాయితీ. పెద్ద సైజు పరుపుల్లో పలకల్ని నిలువునా రెండుగా కోయించి, ఆయన వైపు ఒక వరస, ఆవిడ వైపు ఒక వరస పెట్టొచ్చు. కవరు ఒకటే. కోయడం ఇంట్లో కత్తిపీటతో చేయకండి. అంచు వంకర పోయిందంటే మధ్యలో సందు పడుతుంది. ఫోము కోసే మిషను ఉన్న చోట చేయించాలి. కోశాక కంపెనీ వారంటీ ఉండదు, ముందే అడిగి తెలుసుకోండి. కొత్తగా కొనేవాళ్లు మొదటే సగం పలకలు అడిగితే ఈ బాధే ఉండదు.

9. కవరూ దిండూ కూడా లెక్కలోవే.

మెత్తటి లేటెక్స్ మీద దళసరి కుట్టు కవరు బిగించేస్తే గట్టి పరుపు అయిపోతుంది. సాగే కవరైతే పలక గుణం ఒంటికి తెలుస్తుంది. నీళ్లు దిగకుండా వేసే ప్లాస్టిక్ ప్రొటెక్టరూ ఇలాగే బిగిస్తుంది, పైగా వేడి. పైన బొంత, దాని మీద దుప్పటి, దాని మీద ఇంకో దుప్పటి వేసి, లేటెక్స్ ఏమీ తేడా లేదంటారు కొందరు. ఉండదు మరి.

మెత్తటి పొర పైకి వచ్చాక భుజం లోపలికి దిగుతుంది కాబట్టి పాత దిండు ఎత్తయిపోతుంది. మెడ నొప్పి మొదలైతే దిండు తగ్గించండి, పొరని అనకండి. పక్కకి తిరిగేవాళ్లు మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకుంటే తుంటి మెలిపడదు.

10. పెద్దవాళ్లకి లేవడం కూడా చూసుకోవాలి.

నొప్పి తగ్గుతుందని ఉన్న ఆరంగుళాల మీద ఇంకో రెండంగుళాల మెత్తటి పొర వేస్తే మంచం ఎత్తు పెరుగుతుంది. అంచున కూర్చుంటే పాదాలు నిండుగా నేలకి ఆనాలి. ఆనకపోతే రాత్రి బాత్రూముకి లేచినప్పుడు ప్రమాదం. లేటెక్స్ అంచులు కూర్చుంటే నొక్కుకుపోతాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది ఇబ్బంది. మోకాళ్లు బాగా అరిగిన మనిషికి పైన మధ్యరకం పెట్టి, నడుము సుఖం కొంచెం వదులుకోమనే చెబుతాను.

11. పలకని చెవి పట్టుకుని లాగకండి.

మూల పట్టుకుని గుంజితే చిరుగుతుంది. క్వీన్ సైజు ఆరంగుళాల పరుపు మొత్తం 35 కిలోలకి పైనే ఉంటుంది. ఒక్కో రెండంగుళాల పలకే పన్నెండు కిలోలదాకా తూగుతుంది, పైగా చేతుల్లో నిలవకుండా వాలిపోతుంది. నడుము నొప్పి మనిషి దాన్ని ఎత్తకూడదు. ఇద్దరు కావాలి. పలకని చాపలా చుట్టి, కావలసిన చోట పెట్టి విప్పండి. లేటెక్స్ మీద లేటెక్స్ జరగదు, అతుక్కున్నట్టు ఉంటుంది. మధ్యలో పల్చటి దుప్పటి పరిచి జరిపి, అంచులు కలిశాక దుప్పటి మెల్లగా లాగేయండి. ఏ పలకా ముడత పడలేదని చూసుకుని జిప్పు వేయండి. రబ్బరు పాలతో అలర్జీ ఉన్నవాళ్లు ఈ పని ఇంకెవరికైనా అప్పజెప్పాలి. అసలు కొనేముందే డాక్టరుని అడగాలి.

12. మిగిలిన పలకని ఎండలో పెట్టకండి, పారేయకండి.

రోహిణి కార్తె ఎండకి డాబా మీద పరుపులు ఎండేయడం మన ఇళ్లలో ఆచారం. బూరుగు దూదికి అది ప్రాణం పోస్తుంది, లేటెక్స్‌కి ప్రాణం తీస్తుంది. ఎండ తగిలిన చోట పసుపు తిరిగి, పైపొర పెళుసెక్కి, వేలితో రుద్దితే పొడి రాలుతుంది. చెమ్మ పట్టిందనిపిస్తే నీడలో ఫ్యాను కింద నిలబెట్టండి. నూనె మరకా పడనివ్వకండి, తలకి రాసుకున్న కొబ్బరినూనె దిండు దాటి కిందకి దిగినా పాడే.

వరస కుదిరాక ఒక పలక మిగిలితే పాత నూలు దుప్పట్లో వదులుగా చుట్టి, తాడు బిగించకుండా, ఎండ పడని అటక మీద పెట్టండి. బిగించి కట్టిన చోట గుంత పడితే మళ్లీ లేవదు. ఏడాది తరవాత బరువు మారుతుంది, ఆపరేషను అవుతుంది, పడుకునే పక్క మారుతుంది, అప్పుడు ఆ పలకే కావాలి. అటక మీద ఎలకలుంటే మాత్రం ఇనప బీరువా మీదో, దివాన్ లోపలో పెట్టుకోండి, రబ్బరు కొరకడం వాటికి సరదా.